కొరమీను పిల్లలతో ఉన్నప్పుడు గాలం వేయొద్దు

శ్రావణంలో మా మేనల్లుడు ఒక వీడియో పంపాడు. రావులపాలెం అవతల ఏదో పంట బోదె. గుర్రపుడెక్క మధ్యలో కాస్త ఖాళీ నీళ్లు. అందులో గాలానికి ఎరగా కట్టిన రబ్బరు కప్ప తపక్కున పడింది, రెండుసార్లు గెంతింది, మూడోసారి గెంతబోయేలోపు నీళ్లు భళ్లుమన్నాయి. రాడ్డు వంగింది. కాసేపటికి మోచేతి పొడవు కొరమీను ఒకటి గట్టెక్కింది. దాన్ని రెండు చేతుల్తో ఎత్తి కెమెరాకి చూపించి, "మనం చంపం ఫ్రెండ్స్, వదిలేస్తాం" అని చెప్పి నీళ్లలోకి జార్చాడు. వీడియో కింద అన్నీ దండాల బొమ్మలే.

ఫోన్ చేసి అడిగాను. "ఒరేయ్, కప్ప పడకముందు నీళ్ల మీద ఎర్రగా ఏదో కదిలింది, చూసుకున్నావా?"

"చూశాను మావయ్యా. పిల్లలు. అందుకేగా అక్కడ వేసింది! పిల్లలుంటే తల్లి ఖాయంగా కొడుతుంది."

"మరి ఆ పిల్లల సంగతి?"

"వదిలేశాను కదా మావయ్యా!"

ఆ మాట దగ్గరే నాకు పేచీ. మన వైపు ఈ మధ్య గాలం సరదా బాగా పెరిగింది. వెదురు కర్ర, నైలాన్ దారం, నెమలీక కాడతో చేసిన బెండు, కొబ్బరిచిప్పలో ఎర్రలు, ఇవన్నీ పోయి కార్బన్ రాడ్లు, రీళ్లు, ఆన్‌లైన్‌లో కొన్న కప్పలు వచ్చాయి. వాటితోపాటే పట్టు, ఫొటో తీసుకో, వదిలేయ్ అనే పద్ధతీ వచ్చింది. దాన్ని నేను ఎగతాళి చేయను. పట్టినదల్లా సంచిలో వేసుకోవాల్సిందే అనుకునేవాళ్ల కంటే వీళ్లు నయం. కానీ వదిలేస్తున్నాం కాబట్టి ఎప్పుడైనా, దేని మీదైనా గాలం వేయొచ్చు అనే ధైర్యం కూడా ఆ పద్ధతితోనే వచ్చింది. చేప చేతికొచ్చాక దాన్ని ఏం చేశామన్నది నా దృష్టిలో రెండో సంగతి. ఏ నెలలో, ఏ చేప మీద వేశామన్నది మొదటిది. గోదావరి డెల్టాలో గాలం పట్టుకున్నవాళ్లు పెట్టుకోవాల్సిన కట్టుబాటు ఏదైనా ఉంటే అది గాలం నీళ్లలో పడకముందే ఉండాలి.

కొరమీను సంగతే చూడండి. జూన్‌లో కాలవలకి నీళ్లొదిలి, చేలు తడిసి, వానలు అందుకున్నాక అది గుడ్లు పెడుతుంది. పిల్లలు మొదట్లో అంగుళం కూడా ఉండవు, ఎర్రటి నారింజ రంగులో వందలకొద్దీ ఒకే ముద్దగా తిరుగుతాయి. కొరమీనుది పైకొచ్చి గాలి పీల్చుకునే జాతి కదా, పిల్లలన్నీ ఉండుండి ఒక్కసారే పైకొస్తాయి. ఆ క్షణం నీళ్ల మీద వాన తుంపర పడ్డట్టు ఉంటుంది. మళ్లీ మునుగుతాయి, రెండు బారల అవతల తేలతాయి. వాటి కింద తల్లో తండ్రో, ఒక్కోసారి రెండూనో, కొన్ని వారాలపాటు కాపలా. ఆ గుంపులో కప్ప పడితే తల్లి కొట్టేది ఆకలితో కాదు. తన పిల్లల్లోకి ఏదో వచ్చిపడిందని తరమడానికి నోరు తెరుస్తుంది. మామూలు రోజుల్లో కొరమీను మహా అనుమానపు చేప, గట్టు మీద అడుగు చప్పుడైతే చాలు జారుకుంటుంది. పిల్లలున్నప్పుడు మాత్రం ఎన్నిసార్లు వేస్తే అన్నిసార్లు వస్తుంది. అది వేటగాడి గొప్పతనం ఎలా అవుతుందో నాకు అర్థం కాదు.

పోనీ, వదిలేశాడు. లాగడానికి కాసేపు, కొక్కెం తీయడానికి కాసేపు, టేపు పెట్టి కొలవడానికి, ఫొటోకి, వీడియోలో నాలుగు మాటలకి ఇంకాసేపు. ఆ లోపల అక్కడ కాపలా లేదు. బోదెలో చేదుపరిగెలున్నాయి, జెల్లలున్నాయి, గుర్రపుడెక్క మీద కొంగలున్నాయి. అలిసిపోయి నీళ్లలో పడ్డ చేప మొదట చేసేది డెక్క కిందకి దూరి దాక్కోవడం, నేరుగా పిల్లల దగ్గరికి పోవడం కాదు. అమెరికా, కెనడాల్లో బ్యాస్ అనే చేప కూడా ఇలాగే గూడు కాస్తుంది. కాపలా చేపను పట్టి వదిలినా, ఆ కాసేపట్లోనే గూటిలోని గుడ్లనీ పిల్లల్నీ పక్క చేపలు తినేయడం అక్కడి పరిశోధకులు స్వయంగా చూసి రాశారు. ఒంటారియోలో చాలాచోట్ల బ్యాస్ వేటకి జూన్ దాకా సీజను తెరవకపోవడం అందుకే. వీడియోలో తల్లి తోక ఆడించుకుంటూ పోవడం కనిపిస్తుంది. తర్వాత ఆ గుంపు ఏమైందో తీసే కెమెరా ఉండదు.

ఫ్లై రాడ్డుతో వచ్చినాయన

ఈ వదిలేయడం అనే పద్ధతి ఎక్కడ పుట్టిందో కాస్త చూడాలి. యానాం దగ్గర గౌతమి ఒడ్డున బెంగళూరు నుంచి వచ్చినాయన ఒకరు ఫ్లై రాడ్డుతో వేయడం చూశాను. చూడ్డానికి చాలా బాగుంటుంది. మన గాలంలో బరువు ఎరకో, సీసం గుండుకో ఉంటుంది. ఫ్లైలో బరువంతా దారానిదే. చివరనున్నది ఈక, దారం చుట్టిన చిన్న కొక్కెం, ఊదితే ఎగిరిపోతుంది. అందుకని దారాన్నే గాలిలో వెనక్కీ ముందుకీ ఊపి, మెలిక సాగదీసి నీళ్ల మీద పరుస్తారు. ఆయన పటకారుతో కొక్కెం ఎదురుముల్లు నొక్కేసి మరీ కట్టుకున్నాడు, చేప నోరు చిరగకుండా తేలిగ్గా ఊడి రావాలని. చుట్టూ పిల్లలు మూగారు. వల బాగుచేసుకుంటున్న పెద్దాయన ఒకాయన లేచి వచ్చి అడిగాడు.

"ఎర ఏంటండీ?"

"ఎర లేదండీ. ఇదిగో, ఈకే."

"ఈకకి మోసపోద్దా అండీ చేప?"

"పోతుందండీ, అప్పుడప్పుడు."

"పడ్డాక?"

"వదిలేస్తాను."

పెద్దాయన ఆ రాడ్డు వంకా, దూరంగా నిలబెట్టిన ఆయన కారు వంకా చూసి, "ఆయ్, మంచిదండీ" అని పోయి మళ్లీ వల ముందు కూర్చున్నాడు. ఆ పూట ఈకకి ఏమీ పడలేదు. సముద్రం పాటు తీసింది, నీళ్లు బురదెక్కాయి, ఆయన సామాను సర్దుకున్నాడు.

ఆ పెద్దాయన మొహంలో వెటకారం ఉందనుకునేవాళ్లు ఉంటారు. నాకు అలా అనిపించలేదు. ఎవరి లోకం వారిది, అంతే. ఫ్లై సరదా బాగా ముదిరింది ట్రౌట్ చేప మీద, చల్లటి వాగుల్లో. ఆ వాగుల్లో చేపలు తక్కువ, పట్టేవాళ్లు ఎక్కువ. పట్టినవాడల్లా ఇంటికి తీసుకుపోతే రెండో ఏటికి వాగులో ఏమీ మిగలదు. అక్కడ వదిలేయడం లెక్క ప్రకారం సరైన పని. చల్లటి నీళ్లలో ప్రాణవాయువు కూడా ఎక్కువ కాబట్టి వదిలిన చేప తేరుకుంటుంది. మన మే నెల కాలవ నీళ్లు చెయ్యి పెడితే వేడిగా తగులుతాయి. అందులో పొడి చేతుల్తో రుద్ది, ఎండలో ఫొటోలకి నిలబెట్టి వదిలిన బొచ్చె ఏమవుతుందో ఎవరూ వెనక్కి వెళ్లి చూడరు. కొరమీనుకి గాలి పీల్చుకునే సౌకర్యం ఉంది కాబట్టి గట్టిది, అన్ని చేపలూ అలా కాదు.

అయితే వదిలేసేవాళ్ల వైపు ఒక బలమైన సాక్ష్యం ఉంది, దాన్ని దాటేసి పోతే నా వాదన కుంటిదవుతుంది. కావేరిలో గాలిబోర్ దగ్గర మహసీర్ చేపల కోసం క్యాంపు నడిచేది. పట్టు, తూచు, వదులు. ఒకప్పుడు దొంగచాటుగా చేపలు పట్టిన చుట్టుపక్కలవాళ్లకే ఆ కావేరి క్యాంపుల్లో పని ఇచ్చారు. ఎవరు ఎన్ని గంటలు వేశారు, ఏ రకం చేప పడింది, ఎంత బరువు అన్నది పుస్తకంలో రాసిపెట్టారు. 1998 నుంచి 2012 దాకా ఉన్న ఆ లెక్కల్ని పరిశోధకులు తిరగేస్తే ఒక సంగతి బయటపడింది. కావేరిలో మాత్రమే ఉండే మూపురం మహసీర్ పడటం తగ్గిపోతూ వచ్చింది, బయటి నుంచి తెచ్చి వదిలిన నీలిరెక్కల మహసీర్ పెరుగుతూ వచ్చింది. అంటే మహసీర్‌ని కాపాడదామని లోనావలా హేచరీ నుంచి పిల్లలు తెచ్చి పోసిన మంచిపనే అసలు చేపకి ఎసరు తెచ్చింది. 2018లో ఆ మూపురం మహసీర్ అంతరించిపోయే ప్రమాదం అంచున ఉన్న జాతుల జాబితాలోకి ఎక్కింది. గాలం వేసేవాళ్లు పుస్తకంలో రాసుకోకపోతే ఇది తెలిసేదే కాదు. ప్రభుత్వం దగ్గర అలాంటి లెక్క లేదు.

ఇది నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. కానీ అక్కడ ఉపయోగపడింది వదిలేయడం కంటే రాయడం అనుకుంటాను. మన గాలం గ్రూపుల్లో ఫొటోలుంటాయి, లెక్కలుండవు. ఏ కాలవలో ఎప్పుడు పడిందో చెప్పరు కూడా, పాయింటు బయటపడిపోతుందని. ఏమీ పడని రోజు గురించి అసలే రాయరు. నదికి పనికొచ్చే సమాచారమంతా ఆ పడని రోజుల్లోనే ఉంటుంది మరి.

పెద్దది పడితే పండగ

పండుగప్ప గురించి చాలామందికి తెలియని ముక్క ఒకటుంది. అది మగదిగా మొదలై ఆడదిగా మారే చేప. మొదటి కొన్నేళ్లు మగ. బాగా ఎదిగి, ఇంచుమించు మీటరు పొడవుకి దగ్గరపడేసరికి ఆడదవుతుంది. గుడ్లు పెట్టడానికి నది మొగ దగ్గరికి, ఉప్పునీళ్లలోకి దిగుతుంది. పిల్లలు కోరింగ వైపు మడ అడవుల పాయల్లోకి వచ్చి పెరుగుతాయి. కాబట్టి గ్రూపులో ఎవరైనా భుజం మీద వేసుకుని ఫొటో పెట్టిన భారీ పండుగప్ప దాదాపు ప్రతిసారీ తల్లే. మనం పొగిడేదీ, పోటీల్లో మొదటి బహుమతి ఇచ్చేదీ దానికే.

ఇదే చేప ఆస్ట్రేలియాలోనూ ఉంది, బరమండి అంటారు. క్వీన్స్‌ల్యాండ్‌లో 58 సెంటీమీటర్ల కంటే చిన్నది ఉంచుకోకూడదు, 120 కంటే పెద్దదీ ఉంచుకోకూడదు. గుడ్ల కాలంలో వేట బందు. వదిలేసే గొప్పతనం గురించి ఎన్ని మాటలు చెప్పుకున్నా ఈ మూడు లెక్కల ముందు తేలిపోతాయి. వాళ్లు మధ్యది తినమన్నారు. మనది తిండి సంస్కృతి, వండుకునే చేపను పట్టినందుకు ఎవరూ సిగ్గుపడక్కర్లేదు. మధ్యస్తపు పండుగప్ప ఇగురు పెద్దదాని కంటే రుచి అని మా ఇంట్లో వాదన కూడా ఉంది, అది వేరే పోస్టు.

పులస దగ్గరికొస్తే

పులస గాలానికి పడదు. నీళ్లలో తేలే సన్నటి నాచునీ, కంటికానని పురుగుల్నీ వడగట్టుకుని తినే చేప, దానికి ఎర్రా తెలియదు కప్పా తెలియదు. అందుకని గాలం మనుషులు పులస కనపడకుండా పోవడం గురించి మాట్లాడేటప్పుడు చాలా హాయిగా మాట్లాడతారు. తప్పు వల వాళ్లది, బ్యారేజీది, సముద్రంలో మొగ దగ్గరే కాపుకాసే బోట్లది.

బ్యారేజీ సంగతి నిజమే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. అన్నం పెట్టిన కట్ట అది, కాటన్ దొరను ఒక్క మాటంటే మా ఇళ్లలో ఆ పూట భోజనం పెట్టరు. కానీ ఎదురీది పైకిపోయే చేపకి ఇలాంటి కట్టలు అడ్డమని ఫ్రాన్సిస్ డే అనే ఆయన, అప్పటి చేపల శాఖ పెద్ద, 1873 నాటి నివేదికలోనే రాశాడు. గంగ మీద 1975లో ఫరక్కా మొదలయ్యాక అలహాబాద్ దాకా పోయే ఇలిష్, అంటే అక్కడి పులసే, ఆగిపోయింది. ఇదంతా సరే. ధవళేశ్వరానికి ఈవలనున్న పులసని మాత్రం మనం ఏం చేస్తున్నాం? ఎర్రనీరు తగిలి అది పైకొచ్చేది గుడ్లు పెట్టడానికి. ఒక్కోదాని కడుపులో గుడ్లు లక్షల్లో ఉంటాయి. మనం వెతికి, ముందే చెప్పి, యానాం రేవులో పాటకి నిలబడి కొనేది జన, అంటే గుడ్లు, ఉన్న పులసనే. ఒక్క చేప ఇరవై వేలు దాటి పలికిందని పేపర్లో ఫొటో వేస్తారు, జిల్లా అంతా మురిసిపోతుంది. పుస్తెలమ్మే సామెత ఎలాగూ ఉండనే ఉంది.

వల వేసేవాణ్ణి మానమనడానికి నాకు నోరు రాదు. ఆ నెలన్నర, రెండు నెలల్లో పడే నాలుగు పులసలే అతనికి ఏడాది అప్పు తీర్చేవి. బంగ్లాదేశ్‌లో ఏటా ఇలిష్ గుడ్లు పెట్టే వేళ 22 రోజులు వేట బందు పెడతారు, ఆ రోజులకి జాలర్ల కుటుంబాలకి బియ్యం ఇస్తారు. మన దగ్గరా సముద్రంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు బోట్లు కట్టేస్తారు, ఆ కాలానికి ఇచ్చే సాయం 2025లో ఇరవై వేలు చేశారు. చేతిలో డబ్బు పెట్టి ఆగమంటే మనుషులు ఆగుతారు, ఊరికే ఆగమంటే ఎలా ఆగుతారు? ఏట్లో పులసకి కూడా అలాంటి కొద్ది రోజులు కావాలన్నది నా కోరిక. అది ఎప్పటికి అవుతుందో గానీ, తినేవాళ్ల సంగతి వేరు. పులస లేకపోతే పస్తుండే ఇల్లు ఈ డెల్టాలో ఒక్కటీ లేదు. కొరమీను తల్లిని వదిలేశానని వీడియో పెట్టినవాడే మర్నాడు జన పులస పులుసు ఫొటో పెడితే, ఆ రెండు ఫొటోలూ ఒకే మనిషివేనా అని అడగబుద్ధవుతుంది.

గాలంతో ఏరు ఖాళీ అవుతుందా?

నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే. "ఏమండీ, గాలం వాళ్ల మీద పడ్డారేంటి? దోమతెర లాంటి వల వేసి గుడ్డూ పిల్లా ఊడ్చేసేవాళ్లని అడగరే? బ్యాటరీ భుజానికి తగిలించుకుని కాలవలో కరెంటు పెట్టేవాళ్లని అడగరే?" న్యాయమైన ప్రశ్న. బ్లీచింగ్ కలిపి చేపలు తేల్చేవాళ్లున్నారు. చెరువుల నీళ్లు మురుగు కాలవల్లోకి వదిలితే చేపలు తెల్లగా తేలిన రోజులున్నాయి. వీటి ముందు వెయ్యిమంది గాలాలేసినా లెక్కలోకి రావు. నీళ్లలో విషం కలపడం, మందుగుండు పేల్చడం 1897 నాటి చేపల చట్టం నుంచే నేరం. మూల చట్టంలో కరెంటు ఊసు లేదు, అప్పటికి మన ఊళ్లలో కరెంటే లేదు మరి.

నా జవాబు రెండు ముక్కలు. ఒకటి, కాలవ గట్టున పూటంతా కూర్చునేది గాలంవాడొక్కడే. ఎక్కడ బ్లీచింగ్ వాసనొస్తోందో, ఎవరి బ్యాటరీ రాత్రిపూట ఏ తూము దగ్గర దిగుతోందో అతనికి తెలిసినంత ఏ ఆఫీసుకీ తెలియదు. కానీ నోరు విప్పి అడగాలంటే తన చెయ్యి కాస్త శుభ్రంగా ఉండాలి. పిల్లల మీదున్న కొరమీనుని కొట్టినవాడు వెళ్లి దోమతెర వలవాణ్ణి ఏమని అడుగుతాడు? రెండోది, కొరమీను విషయంలో గాలం నిజంగానే లెక్కలోకి వస్తుంది. డెక్క నిండిన బోదెలో వల ఆడదు. అక్కడ పెద్ద కొరమీనుని ఎంచి పట్టగలిగేది గాలమే.

ఇంకో అనుమానం నన్ను తేలిగ్గా వదలదు. కూర కోసం వేసేవాడి సంగతేంటి? కాలవలు కట్టేసిన మే నెలలో లాకుల దిగువ మడుగులో ఒక ముసలావిడ బురదలో చేతులు పెట్టి మార్పులు, ఇంగిలాయిలు అనే బురద చేపలు తీసి తట్టలో వేసుకుంటోంది. ఇంగిలాయి ముల్లు గుచ్చుకోకుండా తల వెనక నుంచి నొక్కి పట్టే ఒడుపు చూస్తూ నిలబడిపోయాను. జానెడు కూడా లేని కొరమీను పిల్లలు దొరికితే లోతు మిగిలిన గుంట వైపు విసిరేస్తోంది.

"ఎందుకమ్మా వదిలేస్తున్నావ్?"

"ఇయ్యి కూరకి రావు బాబూ. నీళ్లొదిలాక ఎదుగుతాయి."

తట్ట అప్పటికే నిండుగా ఉంది, ఖాళీగా ఉంటే ఏం చేసేదో నాకు తెలియదు. అలాంటి మనిషి శ్రావణంలో తల్లి కొరమీనుని పట్టి వండుకుంటే నేను పల్లెత్తు మాట అనను. కిలో ఐదారొందలు పలికే చేప అమ్ముకున్నా అనను. నా గొడవంతా ఆకలి లేకుండా వేసేవాళ్లతో. సరదాకి వేసేవాడికి మానుకోవడం వల్ల పోయేది మూడు నాలుగు నెలల సరదా, అంతే.

కాబట్టి మా గ్రూపులో ఒక ప్రతిపాదన పెట్టాను. కాలవలకి నీళ్లొదిలినప్పటి నుంచి సెప్టెంబరు దాకా కొరమీను మీద కప్ప వేయొద్దు. ఎర్రటి గుంపు కనిపిస్తే వీడియో తీసుకోండి, గాలం వేయొద్దు. మీటరు దాటిన పండుగప్ప ఫొటోకి బహుమతి తీసేద్దాం. ఏమీ పడని రోజు కూడా తారీఖు, కాలవ పేరు రాసి పెడదాం, పాయింటు చెప్పక్కర్లేదు, ఊరు చాలు. కొంతమంది సరేనన్నారు, కొంతమంది నవ్వు బొమ్మలు పెట్టారు, ఒకాయన గ్రూపులోంచి వెళ్లిపోయాడు.

మరి ఆ మూడు నాలుగు నెలలు చేతులు కట్టుకుని కూర్చోవాలా అని అడిగారు. అక్కర్లేదు, తిలాపియా పట్టండి అన్నాను. 1952లో మన దేశానికి తెచ్చిన చేప, ఇప్పుడు ప్రతి కాలవలోనూ, ప్రతి మురుగు కోడులోనూ అదే. చిన్న కొక్కెం, మైదా ముద్ద చాలు. ఎన్ని పట్టినా, ఎన్ని తిన్నా అభ్యంతరం లేదు, వదిలేయనే వద్దు.

దీనికి మా మేనల్లుడు మర్నాడే ఫోన్ చేశాడు. ఎక్కడో చదివొచ్చాడు. "మావయ్యా, తిలాపియా తల్లి గుడ్లనీ పిల్లల్నీ నోట్లో పెట్టుకుని కాస్తుందట. ఎర కూడా ముట్టదట సరిగ్గా. అదీ తల్లే కదా, దాన్ని పట్టొచ్చా?" అని నిలదీశాడు. కాస్త ఆలోచించుకోవాల్సి వచ్చింది. నోటి నిండా పిల్లలున్న తల్లి ఎరే ముట్టనప్పుడు గాలానికి ఎలాగూ తక్కువే పడుతుంది, పైగా ఏడాదిలో అన్నిసార్లు పిల్లల్ని పెట్టే చేపకి మన కాలవలో కొరత రాదు అని చెప్పాను. "అంటే మనకి కావాల్సిన చేప అయితే ఒక నీతి, అక్కర్లేనిదైతే ఇంకో నీతా?" అన్నాడు. అవునన్నాను. కాలవలో ఏది తగ్గుతోందో దాన్ని బట్టే నీతి అన్నాను. వాడికి నచ్చలేదు, కప్పలు మాత్రం పెట్టెలో పెట్టేశానన్నాడు. ఆదివారం మైదా ముద్ద ఎంత గట్టిగా కలపాలో అడగడానికి మళ్లీ చేశాడు.